పక్క చెరువు పట్టుబడి

తాడేపల్లిగూడెంలో డిగ్రీ చదివేటప్పుడు మా బావమరిది నా పేపరు చూసి రాసి గట్టెక్కాడు. మా అమ్మకి స్వయానా మేనల్లుడు, నాకంటే ఆర్నెల్లు చిన్న. చదువయ్యాక వాడు కొల్లేటి పక్కన వాళ్ల రొయ్యల చెరువులు చూసుకుంటున్నాడు, నేను ఏలూరు పక్కనే వట్లూరులో ఒక కాలేజీ ఆఫీసులో కుదిరాను. వాడికి డీమ్యాట్ ఖాతా తెరిపించింది కూడా నేనే. నేను పెద్ద పెద్ద పాత కంపెనీల షేర్లు కొనుక్కుని పెద్దమనిషిలా కూర్చుంటే, వాడు బ్యాటరీల సామాను చేసే, ఎవరూ పేరు వినని ఒక చిన్న కంపెనీ షేర్లు కొన్నాడు.

"మునిగిపోతావురా" అన్నాను.

"పోతే పోతాయి బావా. మన వయసేం మించిపోయింది? మళ్లీ సంపాదించుకోమా?"

మునగలేదు. ఏడాది తిరిగేసరికి వాడి డబ్బు నాలుగింతలైంది. నావి నత్తనడకే. వాడు కొత్త కారేసుకుని ఏలూరులో మా ఇంటి ముందు హారను కొడితే నా కడుపు భగ్గుమనేది. "అంతా నీ చలవే బావా" అనేవాడు, అది ఇంకా మంట. అమ్మ మోకాళ్లు పట్టుకుని గుమ్మం దాకా కుంటుతూ వెళ్లి మురిసిపోయేది. ఆ షేరు పడిపోవాలని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఏం, నా బాధ నాది.

దేవుడు వినలేదు. షేరు ఇంకా పెరిగింది. ఇక ఆగలేక, అమ్మ మోకాళ్ల ఆపరేషనుకని దాచినదంతా తీసి అదే షేరు కొన్నాను. వాడు పెట్టింది పోయినా ఫరవాలేని డబ్బు, నేను పెట్టింది అమ్మ మోకాళ్లు. వాడికి మాత్రం చెప్పలేదు. నా పేపరు చూసి రాసినవాణ్ణి చూసి ఇప్పుడు నేను రాశానని ఒప్పుకోవాలా? ఛీ! అమ్మకేమో డబ్బు బ్యాంకులో డిపాజిట్ చేశానని, గడువు తీరాక ఆపరేషను చేయిద్దామని చెప్పాను.

కొన్నాళ్లు పెరిగింది. తర్వాత కంపెనీ లాభాలు తగ్గాయని వార్త వచ్చింది. అమ్ముదామంటే కొనేవాడు లేడు, రోజూ పడడమే. చివరికి పదో వంతు మిగిలింది. అంత ఏడుపులోనూ నాకొకటే ఊరట, వాడూ మునిగుంటాడు. ఓదార్చే వంకతో వాడి చెరువు దగ్గరికి వెళ్లాను.

గట్టు మీద ఈలేసుకుంటూ మేత చల్లిస్తున్నాడు.

"పాపం, నీ షేర్లు పోయినట్టున్నాయే?"

"అవా? మేత బస్తాలకి డబ్బు చాలక ఎప్పుడో అమ్మేశాను బావా. మన అదృష్టం!"

"నాతో ఒక్క మాటైనా అన్నావట్రా?"

"నీకెలాగూ లేవు కదా. ఉంటే చెప్పనా ఏంటి? చెరువు ఖాళీ చేసి రొయ్య పట్టేటప్పుడు కూడా, వదిలిన నీళ్లు తన చెరువులోకి రాకుండా చూసుకోమని పక్క చెరువాయనకి చెప్పే కదా పట్టుబడి పెడతాం."

వస్తానని చెప్పి గట్టు దిగబోయాను.

"అన్నట్టు, నీ డిపాజిట్ గడువు తీరేదాకా అత్త అలా కుంటాలా? ఆపరేషను ఖర్చు నేను పెట్టుకుంటాలే" అన్నాడు.

వద్దనడానికి నా దగ్గర ఏముంది?

ఆపరేషనయింది. ఆసుపత్రి వరండాలో అమ్మ మెల్లగా అడుగులేస్తూ, ఎదురొచ్చిన ప్రతివాళ్లకీ "మా మేనల్లుడు చేయించాడండీ" అని చెప్పింది. పక్కనే ఆవిడ చెప్పులు పట్టుకుని నేను నడుస్తున్నాను. మంచం దాకా వెళ్లి కూర్చుని, నా వైపు జాలిగా చూసింది.

"ఇంత చదివావు. వాడిలా నువ్వూ ఆ షేర్లేవో కొనుంటే ఏం పోయేదిరా?"