సాబు కట్ట కింది ఇళ్లు

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో బస్సు దిగి, నల్లరేగడి చేలకు అడ్డంపడి నడిస్తే సాబు కట్ట వస్తుంది. రెండు గుట్టల మధ్య పారే వంకకు అడ్డంగా ఉస్మాన్ సాబ్ వాళ్ల తాత వేయించిన మట్టి కట్ట అది. సర్కారుది కాదు, ఆ కుటుంబానిది. ఉస్మాన్ సాబ్ పోయాక దాని మంచిచెడ్డలు ఆయన భార్య హసన్‌బీ మీద పడ్డాయి. ఆదోనిలో వాటాదారులకు కొదవలేదు గానీ, కట్ట మీద మొలిచిన కంపచెట్లు కొట్టించడానికి కూడా ఎవరూ రారు. తూము పక్కన నీళ్లు ఊరుతున్నాయని ఆమె ఏళ్లుగా చెబుతూనే ఉంది.

కట్ట కింద కూలివాళ్ల ఇళ్లు ఓ ఇరవై ఉంటాయి. ఆ జాగా ఇప్పించింది హసన్‌బీయే. కాపురానికి వచ్చిన కొత్తలో, ఎండలో బిందెలు మోసుకొచ్చే ఆడవాళ్లను చూసి, పక్కనే మన బావి ఉంది కదా అని భర్త దగ్గర పట్టుబట్టింది. అక్కడ మొదట గుడిసె వేసుకున్నది సువార్తమ్మ. హసన్‌బీ సేద్యమంతా అప్పటి నుంచి ఆమె చేతి మీదుగానే నడిచింది.

పోయిన ఏడు ఎండాకాలం, పాత కట్టలు చూసుకుంటూ సర్కారు ఇంజనీరు ఒకాయన వచ్చాడు. కట్టంతా నడిచాడు. ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే మరవ కొలిచాడు. కింది ఇళ్ల వైపు చాలాసేపు చూశాడు.

"ఇది ఎక్కువ ప్రమాదం తరగతిలోకి పోతుందమ్మా."

"తూము కారుతాంది గదా సార్, అందుకేనా?"

"కట్ట బలం వేరే సంగతి. తెగితే కింద ఎవరి ప్రాణాలైనా పోతాయా అనేది చూసి ఈ తరగతి ఇస్తాం. ఆ ఇండ్లు లేకుంటే ఇదే కట్ట తక్కువ ప్రమాదంలో ఉండేది."

మరవ వెడల్పు చేసి తూము కొత్తగా కట్టాలనీ, చేతకాకపోతే వానల్లోపు కట్ట కోసి నీళ్లు వదిలెయ్యాలనీ చెప్పి వెళ్లాడు.

బావగారి కొడుకు రిజ్వాన్‌కు ఆదోనిలో జిన్నింగ్ మిల్లు ఉంది. మరమ్మతు ఖర్చు కోసం హసన్‌బీ ముందు అతని దగ్గరికే వెళ్లింది.

"ఇండ్లు తీయిస్తే అయిపాయె గదా చాచీ," అన్నాడు. "జాగా మనదే. కట్టకు ఒక్క తట్ట మన్ను పోసే పని ల్యా."

మిగిలిన వాటాదారుల గడపలూ ఎక్కింది. అందరూ చాయ్ ఇచ్చి, రిజ్వాన్ మాటే చెప్పారు.

సువార్తమ్మ ఇంటికి పోయేసరికి ఆమె జొన్నలు చెరుగుతోంది.

"యాడికి పోవాల బీబీ? ఊర్లో మాకు జాగా యాడుంది?"

"పెద్ద వానొస్తే కట్ట నిలబడదంట సువార్తా."

"మాకు తెలీదా? వాన పడే రాత్రి ఈడ ఎవురూ పండుకోరు." చేట కింద పెట్టింది. "కట్ట తీసేస్తే బాయి ఎండుతాది. నీళ్లు ల్యాకుండా ఈడుండి ఏం జేస్తాం? ఏది మేలో నువ్వే సెప్పు."

ఊరు వదిలిపోయినవాళ్లు ఎప్పటికైనా తిరిగి రావచ్చు, కొట్టుకుపోయినవాళ్లు రారు కదా అనుకుని హసన్‌బీ కట్ట కోయించడానికే మనసు సర్దుకుంది.

జేసీబీ వచ్చిన రోజు ఇళ్లవాళ్లంతా గట్టున నిలబడి చూశారు. నీళ్లు ఎర్రగా, నిదానంగా వంకలోకి దిగిపోయాయి. పిల్లలు బురదలో చేపలు పట్టుకున్నారు.

ఆ ఏడు వానలు కూడా ముఖం చాటేశాయి. చలికాలం పోకముందే బావి అడుగంటింది. హసన్‌బీ ఉల్లిచేను వాడిపోయింది. ఒక్కొక్క ఇల్లే తాళం వేసుకుని, కొందరు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, కొందరు బెంగళూరుకు పోయారు. ఆఖరున సువార్తమ్మ కూడా మూట కట్టుకుని బస్సెక్కింది. హసన్‌బీ రోడ్డు దాకా వెళ్లి మూట బస్సులోకి అందించింది.

ఇంజనీరు మళ్లీ వచ్చి, కోసిన చోటు చూసుకుని, ఇక ఏ ఇబ్బందీ లేదని చెప్పి పోయాడు.

ఈ ఏడు మాత్రం వాన కుండపోతగా కురిసింది. వరద కోసిన సందులోంచి దూకి వంక వెంట పోయింది. నాలుగు రోజుల తర్వాత సువార్తమ్మ బెంగళూరు నుంచి ఫోన్ చేసింది.

"వాన బాగా పడిందంట గదా బీబీ. బాయిలోకి నీళ్లొచ్చినాయా?"

"వచ్చినాయి. నిలబడల్యా."

అటువైపు సిమెంటు కలిపే మిషను చప్పుడు వినిపిస్తోంది.

"మేస్త్రీ పిలుస్తాండాడు, ఉంటా," అంది సువార్తమ్మ.