కెమెరా ముందు చెప్పిన సాక్ష్యం

మా తమ్ముడు జైలుకు పోవడానికి కారణం ఒక ఎద్దు గంట. కుందారపల్లిలో మా అత్తగారి వైపు వాళ్లు ఈ మాట ఇప్పటికీ నమ్మరు. గంట కోసం ఎవరికైనా యావజ్జీవం వేస్తారా అంటారు. వేశారు కాబట్టే చెబుతున్నాను.

మా పుట్టిల్లు అంచెట్టి దాటి కొండల్లో. సాయంత్రం మంద అడవి నుంచి తిరిగొచ్చేటప్పుడు ఒక్కోసారి పరాయి గొడ్డు కలిసి వచ్చేస్తుంది. దాన్ని వెనక్కి తోలరు. తోలితే చిరుత నోట్లో పెట్టినట్టే. మన గొడ్లతో పాటే కట్టేసి, మేత వేసి, దాని మెడలో గంట విప్పి వాకిట్లో గుంజకు వేలాడదీస్తారు. దారిన పోయేవాళ్లు ఆ గంట చూసి, ఫలానా ఇంట్లో తప్పిపోయిన గొడ్డు ఉందని సంతలో చెబుతారు. దాని మనిషి వచ్చి, గంట గుర్తుపట్టి, తోలుకుపోతాడు.

ఆ ఏడు మా తమ్ముడి మందలో ఒక తెల్ల ఎద్దు కలిసి వచ్చింది. వాడు మామూలుగానే గంట విప్పి గుంజకు కట్టాడు. ఎద్దు మనిషి రాలేదు, పోలీసులు వచ్చారు. ఆ మనిషిని అడవి దారిలో ఎవరో రాళ్లతో కొట్టి చంపేశారట. ఎద్దు చూస్తే మా కొట్టంలో ఉంది, మెడలో గంట లేదు. గంట గుంజకు వేలాడుతూ కనిపిస్తున్నా, ఆనవాలు దొరకకుండా తీసేశాడని రాసుకున్నారు.

కోర్టులో పక్కింటి మామను సాక్షిగా పిలిచారు. వరసకు మామ. ఆ కొండ మీద మా అమ్మకు ఉన్న పొరుగు ఆయన ఒక్కడే. ఆయన అబద్ధం చెప్పలేదు. గంట ఎవరు విప్పారంటే వాడే విప్పాడన్నాడు. నువ్వు చూశావా అంటే చూశానన్నాడు. ఎందుకు విప్పాడని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. మా వకీలుకు మేమూ చెప్పలేదు. దాచి కాదు. గొడ్డు తప్పిపోతే గంట బయట కడతారన్నది నోరు తెరిచి ఒకరికి చెప్పాల్సిన సంగతి అని మాకు తోచనే లేదు. నీళ్లు పల్లానికి పారతాయని ఎవరైనా వకీలుకు చెబుతారా?

తీర్పులో ఇంకేవేవో కూడా ఉన్నాయి గానీ, చదువుతుంటే మాటిమాటికీ వచ్చింది ఆ గంటే.

కొన్నేళ్లకు బెంగళూరు నుంచి ఒక అమ్మాయి, కెమెరా పట్టుకున్న ఒకతను మా అమ్మ దగ్గరికి వచ్చారు. మనిషి జైలుకు పోయాక ఇంట్లో ఏం మిగులుతుందో చూపిస్తూ డాక్యుమెంటరీ తీస్తున్నారట. తోడుకు నేను పోయాను. ఆ అమ్మాయి తమ్ముడి సంగతి అడిగి, కెమెరాను అమ్మ మొహం దగ్గరికి జరిపించింది. మా అమ్మే అడిగింది.

"ఏడిస్తే బాగుంటుందా అమ్మా? పొద్దున్నే ఏడ్చేసినాను. ఇంగ రాదు."

తర్వాత పోలీసులు ఎట్లా వచ్చారో చూపించమంటే అమ్మ వాకిట్లోకి నడిచి గుంజ మీద చెయ్యి వేసింది. గంట ఇక్కడే కట్టి ఉండిందని చెప్పింది. ఇక్కడెందుకు కట్టారని ఆ అమ్మాయి అడిగింది. అన్నం నోట్లో ఎందుకు పెట్టుకుంటారని అడిగినట్టు చూసింది అమ్మ.

"ఎద్దు తప్పిపోయి వచ్చింది కదమ్మా. గంట బయట కట్టకపోతే దాని మనిషికి ఎట్ల తెలుస్తుంది?"

ఆ అమ్మాయి కెమెరాను గుంజ వైపు తిప్పించింది. ఇంకోసారి చెప్పమంది. ఈ మాట కోర్టులో ఎవరమూ చెప్పలేదని నాకు అప్పుడు తట్టింది.

మరునాడు మామను పిలిచారు. ఉతికిన పంచె కట్టుకుని వచ్చి కెమెరా ముందు నిలబడి, ఏ దేవుడి మీద ప్రమాణం చేయాలని అడిగాడు. ప్రమాణం వద్దు, తెలిసింది చెప్పండి చాలు అన్నారు. కెమెరా వైపే చూస్తూ చెప్పాడు.

"గంట విప్పింది దాచేదానికి కాదు, నలుగురికీ తెలిసేదానికి. మా కొండలో అందరూ అట్లే చేస్తారు. వాడు దొంగ కాదు."

చెప్పి మొహం తుడుచుకుని మా అమ్మ వైపు తిరిగాడు. "చెప్పేసినాను అక్కా. ఇంగ ఇడిచిపెడతారు."

అమ్మ ఆ సాయంత్రమే తమ్ముడి దుప్పట్లు ఉతికి ఆరేసింది.

సినిమాను హోసూరులో ఒక హాల్లో వేశారు. మామ మాట్లాడుతుంటే నా వెనక ఎవరో వెక్కి వెక్కి ఏడ్చారు. అయిపోయాక ఎవరెవరో వచ్చి నా చేతులు పట్టుకున్నారు. అప్పీలు చూస్తున్న వకీలు కూడా వచ్చాడు. ఇంక తమ్ముడు ఎప్పుడు వస్తాడని ఆయన్ను అడిగాను. సినిమా చూసి ఏ జడ్జీ తీర్పు మార్చడనీ, మామ వచ్చి ఇదే మాట ప్రమాణం చేసి చెబితే, దాన్ని తీసుకోమని కోర్టును అడిగి చూడవచ్చనీ అన్నాడు. తీసుకుంటారని మాత్రం చెప్పలేదు.

నేను కొండెక్కి మామ దగ్గరికి పోయి, కోర్టుకు వచ్చి చెప్పమన్నాను. ఒకసారి చెప్పాను కదా అన్నాడు. అది కోర్టు కాదు మామా అన్నాను. ఆయనకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. తర్వాత నేల చూస్తూ మాట్లాడాడు.

"అప్పుడే ఎందుకు చెప్పలేదంటారు. నేనేం చెప్పల్ల పాపా? ఇన్నాళ్లు దాచినావు, నువ్వే చంపినావేమో అంటారు. ఒక గంటకే వాన్ని లోపలేసినారు. నా నోటికి ఎంత ఏస్తారో."

అట్లా ఏమీ కాదులే అందామనుకున్నాను. కాదని నాకు మాత్రం ఏం తెలుసు?

జైల్లో కమ్మీలకు ఆవల తమ్ముడు నిలబడ్డాడు. తల సగం నెరిసింది. జరిగిందంతా చెప్పాను. మామ చెప్పాడనగానే కమ్మీని గట్టిగా పట్టుకున్నాడు.

"కెమెరాకు చెప్పినాడా, జడ్జికి చెప్పినాడా?"

కెమెరాకే అన్నాను. వాడు కమ్మీ వదిలేశాడు. టైమైందని జవాను కేక వేశాక అన్నాడు.

"ఆయనతో మాట మానొద్దు అక్కా. అమ్మ కాలు జారి పడితే ఎత్తేదానికి ఆడ ఇంకెవరుండారు?"

తర్వాత పుట్టింటికి పోతుంటే మామ తన వాకిట్లో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి లోపలికి పోబోయాడు. మామా, నీళ్లియ్యమని పిలిచాను. చెంబు రెండు చేతులా పట్టుకుని తెచ్చాడు, నా కళ్లలోకి మాత్రం చూడలేదు. ఆయన గడప మీదే కూర్చుని చెంబెడు నీళ్లూ తాగాను. అమ్మకు మోకాళ్లు ఎట్లా ఉన్నాయని అడిగాను. నిన్న కట్టెలు తానే కొట్టి ఇచ్చానన్నాడు. సరే అన్నాను.