ప్రెస్ తీసేసిన ఏడాది

వలీ మాస్టారి పేరెత్తితే మంచివాడని చెప్పి ఊరుకోవడం నాకలవాటు. అంతకు మించి చెబితే నా సంగతి కూడా బయటపెట్టాలి. ఇన్నేళ్లూ దాచి దాచి విసుగొచ్చింది కనక ఇప్పుడు రెండూ చెప్పేస్తాను.

చోడవరంలో మా హైస్కూలుకి ఆయన డ్రిల్లు మాస్టారు, నేను ఇంగ్లీషు మాస్టారిని. పదకొండేళ్లు పక్కపక్క వాటాల్లో అద్దెకున్నాం. ఆయన సొంతూరు అనకాపల్లి. చిన్నప్పుడు అక్కడి తాలీంఖానాలో కసరత్తు నేర్చుకుని, ఉద్యోగం వచ్చాక బడి వెనక పెంకుల షెడ్డులో వ్యాయామశాల పెట్టారు. ఒక ఇనప కడ్డీ, దానికి తగిలించే చక్రాలు, కింద మందపాటి చెక్కలు. అంతే సామాను. పొద్దున్న అయిదింటికి తాళం తీసేవారు. ఏడున్నరకి మూసి, బడికొచ్చి పిల్లల చేత డ్రిల్లు చేయించి, సాయంత్రం మళ్లీ వెళ్లి తీసేవారు. ఇరవై ఏళ్లకు పైగా అదే పని. చెయ్యమని ఎవరూ అనలేదు, చేసినందుకు ఎవరూ మెచ్చుకోనూ లేదు.

ఆ రోజుల్లో బరువులెత్తే పోటీలో మూడు ఎత్తులుండేవి. కడ్డీని నేల మీంచి ఒక్క ఊపున తల మీదికి లేపితే స్నాచ్. ముందు భుజాల దాకా తెచ్చి, ఆగి, కాళ్ల విసురుతో పైకి తోస్తే జెర్క్. భుజాల దాకా తెచ్చి, మోకాళ్లు కదపకుండా నిటారుగా నిలబడి, చేతుల బలంతోనే పైకి నొక్కితే ప్రెస్. మూడూ కలిపి లెక్క కట్టేవారు. వలీ మాస్టారికి ప్రెస్ అంటే ప్రాణం. స్నాచ్ కూడా నేర్పేవారు గానీ, అది పిలవని చుట్టానికి మంచినీళ్లిచ్చినట్టు ఉండేది.

ప్రెస్ చేసేటప్పుడు నడుం వెనక్కి వాల్చితే బరువు సులువవుతుంది. అన్ని చోట్లా వాలుతున్నారనీ, జడ్జీలు చూసీ చూడనట్టు వదిలేస్తున్నారనీ ఆయనకి తెలుసు. తన షెడ్డులో మాత్రం సాగనిచ్చేవారు కాదు. "వాలితే అది దొంగతనంరా. ఎవడూ పట్టుకోకపోయినా దొంగతనమే," అనేవారు. ఈ మాట నేను వందసార్లు విన్నాను.

బంగార్రాజు గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో బస్తాలు మోసేవాడు. నూరు కిలోల బస్తాని వీపు మీద వేసుకుని రోజుకెన్నిసార్లు లారీ ఎక్కేవాడో వాడికే తెలియదు. ఆ పని కూడా చెరుకు ఆడినన్నాళ్లే. వాళ్ల నాన్న అదే పని చేసి, నలభై అయిదేళ్లకే నడుం వంగిపోయి, కూచుంటే లేపడానికి మనిషి కావలసిన స్థితికి వచ్చాడు. అది రోజూ కళ్లారా చూస్తూ పెరిగిన బంగార్రాజు, అరవై తొమ్మిదిలో ఒక పొద్దున్న షెడ్డు గుమ్మంలో నిలబడి, "నాకూ నేర్పుతారేటండి బాబూ," అని అడిగాడు. మాస్టారు వాడి భుజాల వంక చూసి లోపలికి రమ్మన్నారు.

మూడేళ్లు వాడు గోవాడ నుంచి చీకటితో నడిచి వచ్చేవాడు. కసరత్తు అయ్యాక మాస్టారి భార్య లతీఫా గారు పంపిన చోడి అంబలి తాగి, అటునుంచటే షిఫ్టుకి పోయేవాడు. నూట పది కిలోలు నిటారుగా నిలబడి నొక్కేవాడు. అప్పట్లో విశాఖపట్నంలో ఒక కంపెనీ రెండేళ్లకోసారి బరువులెత్తే వాళ్లని ఉద్యోగంలోకి తీసుకునేది. నెగ్గితే ఏడాది పొడుగునా పని, ఉండడానికి క్వార్టర్సు, వీపు మీద బస్తా లేని బతుకు. ఇరవై ఏడు దాటితే తీసుకోరు. డెబ్బై మూడు సెలక్షను నాటికి బంగార్రాజుకి ఇరవై ఆరున్నర. వాడికి మిగిలింది ఆ ఒక్క అవకాశమే.

డెబ్బై రెండు డిసెంబరులో బరువులెత్తేవాళ్ల జిల్లా సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. అప్పటికి జై ఆంధ్రా గొడవల్లో బడి మూసేశారు, బస్సులు ఒకరోజు తిరిగితే నాలుగు రోజులు ఆగిపోయేవి. మాస్టారికి ఇంగ్లీషు అంతగా రాదు. ఉత్తరం నాచేత చదివించుకున్నారు.

"ఏటి రాసేరు మూర్తి మాస్టారూ?"

నేను రెండుసార్లు చదువుకుని చెప్పాను. ఒలింపిక్సు అయ్యాక ప్రపంచమంతటా ప్రెస్ తీసేశారు. ఎవరు వాలారో ఎవరు వాలలేదో తేల్చలేక తీసేశారు. ఇక స్నాచ్, జెర్క్ రెండే. విశాఖపట్నం సెలక్షను కూడా కొత్త రూలు ప్రకారమే. రెండూ కలిపి రెండు వందల కిలోలు ఎత్తినవాడికే ఉద్యోగం.

ఆయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు. "వాలినోళ్లు బాగానే ఉన్నారు," అన్నారు. ఆ తరవాత, "ఈ ఏడుకి పాత రూలే ఉంచుతారు లెండి. బస్సులే రావడం లేదు, కొత్త రూలెక్కడ వస్తాది," అన్నారు.

"ఉత్తరంలో స్పష్టంగా ఉంది మాస్టారూ."

"ఉంటే ఉంటాది. మీరు బంగార్రాజుకి చెప్పకండి. సమయం చూసి నేనే చెప్తాను."

నేను సరేనన్నాను. నా సంగతి అన్నది ఇదే.

ఆయన ఎందుకు చెప్పలేదో నాకప్పుడే తెలుసు. బంగార్రాజు జెర్క్ నూట ఇరవై ఎత్తుతాడు. స్నాచ్ డెబ్బై దగ్గరే ఆగిపోయాడు. ఇంకో పది కిలోలు పెంచితే చాలు, చేతిలో నాలుగు నెలలున్నాయి. కానీ ఆ పది కిలోలు ఎలా పెంచాలో మాస్టారికి తెలియదు. ఆయన నేర్చుకున్నది పాత పద్ధతి. చెప్పాలంటే ముందు "నాకు రాదురా" అని చెప్పాలి. యాభై ఏళ్లు దాటిన మనిషి, మూడేళ్లుగా తన మాట జవదాటని శిష్యుడితో అనవలసిన మాట అది. నోరు రాలేదు.

బడి లేదు కనక నేను రోజూ పొద్దున్నే వెళ్లి షెడ్డు అరుగు మీద కూచునేవాణ్ని. బంగార్రాజు ప్రెస్ చేసేవాడు, మాస్టారు వాడి నడుం వంకే చూస్తూ నిలబడేవారు. మునుపటిలా కేకలు లేవు. ఇంటికి నడిచి వచ్చేటప్పుడు, "రేపు చెప్తాను," అనేవారు. ఆ రేపు జనవరి అంతా రాలేదు, ఫిబ్రవరిలోనూ రాలేదు. ఒకరోజు లతీఫా గారు గుమ్మంలో నన్నాపి, "మీరైనా చెప్పండి మాస్టారూ. ఆ గుంటడికి అంబలి పొయ్యడానికి నాకు సిగ్గేస్తంది," అన్నారు. ఆయన చెబుతానన్నారు కదమ్మా అని తప్పించుకున్నాను. నాది కాని తద్దినం నాకెందుకని అనుకున్నాను కూడా. తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకు అసహ్యం వేస్తుంది.

మార్చిలో బంగార్రాజు నూట పన్నెండున్నర నొక్కాడు. వెన్ను వెంట్రుకవాసి కదల్లేదు. మాస్టారు తువ్వాలుతో ముఖం తుడుచుకుని బయటికి వెళ్లిపోయారు.

ఏప్రిల్ ఆఖరున సెలక్షను. ముగ్గురం బస్సులో వెళ్లాం. దారిలో చెబుతారని చూశాను, చెప్పలేదు. కంపెనీ మైదానంలో ఒకాయన మైకు పట్టుకుని ప్రెస్ లేదు, రెండే ఎత్తులు, ఒక్కో దానికి మూడు ఛాన్సులు అని చెప్పాడు. మాస్టారు బంగార్రాజు భుజం మీద చెయ్యి వేసి ఏదో అనబోయారు.

"సరేనండి," అన్నాడు బంగార్రాజు, ఆయన అనకముందే. ఎండకి డీలా పడ్డాడనుకున్నాను.

స్నాచ్‌లో డెబ్బై లేపాడు. డెబ్బై అయిదు కూడా లేపాడు, ఎలా లేపాడో దేవుడికే తెలియాలి. ఎనభై తల మీదికైతే వెళ్లింది గానీ, బస్తాలు మోసి బిగుసుకుపోయిన భుజాలు వెనక్కి తిరగలేదు. కడ్డీ వీపు వెనక పడింది. జెర్క్‌లో రెండో ఛాన్సుకి తన నూట ఇరవై తను ఎత్తాడు. మిగిలిన ఒక్క ఛాన్సులో నూట ఇరవై అయిదు ఎత్తితే రెండు వందలూ నిండుతాయి. అంత బరువు వాడు ఎప్పుడూ ఎత్తలేదు. భుజాల దాకా తెచ్చాడు. పైకి తోశాడు. మోచేతులు నిలవలేదు. బల్ల దగ్గరున్న గుమస్తా పేరు మీద గీత కొట్టి తరవాతివాణ్ని పిలిచాడు.

తిరుగు బస్సులో ముగ్గురం ఒకే సీట్లో కూచున్నాం. బస్సు అనకాపల్లి దాటింది. అప్పుడు మాస్టారు, ఎదురు సీటు వంక చూస్తూ, "నాకు డిసెంబర్లోనే తెలుసురా," అన్నారు.

"తెలుసండి," అన్నాడు బంగార్రాజు.

"ఏటి తెలుసు?"

"ప్రెస్ తీసేసేరని. జనవరిలో మా టైమ్ కీపరు బాబు పేపర్లో సదివి సెప్పేరండి. మీకు తెలీకుండా ఉంటాదేటి అనుకున్నాను. మీరింకా ప్రెస్సే సేయిస్తన్నారు. మాస్టారి మనసులో ఏదో ఉపాయం ఉంటాది, టైము వచ్చినప్పుడు సెప్తారులే అని సూస్తన్నాను. రోజూ సూసేను."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ అరుగు మీద కూచుని నేను కాలక్షేపం చేసిన ప్రతి పొద్దునా, వాడు కడ్డీ దింపి ఆయన ముఖం వంక చూసిన చూపుకి అర్థం అదన్నమాట. ఆయాసం తీర్చుకుంటున్నాడనుకున్నాను.

"అడగొచ్చు కదరా," అన్నారు మాస్టారు.

"మిమ్మల్నా?" అన్నాడు బంగార్రాజు. కోపం లేదు వాడి మాటలో. కోపం ఉంటే మేమిద్దరం కాస్త ఊపిరి పీల్చుకునేవాళ్లం.

చోడవరంలో దిగాక, ఫ్యాక్టరీకి లారీలొచ్చే వేళయిందని చెప్పి, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ కడ్డీ ముట్టుకోలేదు. దారిలో కనబడితే ఎప్పటిలాగే ఆగి మాస్టారిని పలకరించేవాడు. అది ఆయనకి చాలా కష్టంగా ఉండేది.

మాస్టారు ఇంకో ఆరేళ్లు పనిచేసి డెబ్బై తొమ్మిదిలో రిటైరయ్యారు. ఆ ఆరేళ్లూ షెడ్డు తాళం అయిదింటికే తీశారు. స్నాచ్ బొమ్మలున్న ఇంగ్లీషు పుస్తకమొకటి తెప్పించి, నాచేత చదివించుకుని, ఆ వయసులో ఉత్త కడ్డీతో తనే అభ్యాసం చేశారు. కొత్తగా ఎవరు చేరినా మొదటిరోజే నిలబెట్టి, "ఇది నాకు సరిగ్గా రాదు. పుస్తకం చూసి చెప్తన్నాను. నా మాట తప్పనిపిస్తే అడిగీండి, నేనేమీ అనుకోను," అనేవారు. కుర్రాళ్లు తలలూపేవారు. ఆరేళ్లలో ఒక్కడూ అడగలేదు.