రేవులో దిగని రత్నమ్మగారు

మొన్న ధవళేశ్వరంలో ఒక పెళ్ళికి వెళ్ళాను. ముహూర్తానికి కాస్త ముందు కరెంటు పోయింది. కల్యాణ మండపం వెనకాల జనరేటరు వేశారు. దాని పక్కనే వంటలు. డీజిలు పొగా, సాంబారులో వేసిన ఇంగువ పోపు వాసనా కలిసి కిటికీలోంచి లోపలికి వచ్చాయి. అందరూ ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం కుర్చీలో ముందుకు వంగి ఆ గాలి పీల్చుకున్నాను. నా కాళ్ళ కింద నేల సన్నగా అదురుతున్నట్టు అనిపించింది. గోదావరి మీద లాంచీ వాసన అది. రత్నమ్మగారి వాసన.

డెబ్భైల చివర్లో నేను రామచంద్రపురం నుంచి రాజమండ్రికి టీచరుద్యోగానికి వచ్చాను. ఇన్నీసుపేటలో శెట్టిగారి ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. శెట్టిగారికి మెయిన్ రోడ్డులో ఇత్తడి సామాన్ల కొట్టుండేది. ఆయన భార్యే రత్నమ్మగారు. అప్పటికి ఆవిడకి యాభై దాటి ఉంటాయి. గుండ్రటి ముఖం, ఎప్పుడూ నడుముకి బిగించిన కొంగు. ఇంట్లో ఆవిడ కూర్చుని ఉండగా నేను చూసిన గుర్తు లేదు. నన్ను "పంతులమ్మా" అని పిలిచేవారు. నేను "పిన్నిగారూ" అనేదాన్ని.

నాకు ఆ రోజుల్లో ఎక్కడా కాలు నిలిచేది కాదు. ఉద్యోగం నచ్చలేదు. పొద్దున్న 'ఎ' సెక్షనుకి చెప్పిన పాఠమే వెంటనే 'బి' సెక్షనుకీ చెప్పాలి. అదే అశోకుడు, అవే చెట్లు. రెండో గంటకి నా గొంతు వింటే నాకే చిరాకు. మానేసి వెళ్ళిపోతానని వారానికోసారి అనేదాన్ని. ఎక్కడికి వెళ్తానో మాత్రం తెలిసేది కాదు. "కాలు కాలిన పిల్లిలా తిరుగుతావేమే, కాస్త ఈ చిక్కుళ్ళు తుంచు" అని రత్నమ్మగారు నా ముందు చేట పెట్టేవారు.

ఏటా కార్తీకమాసంలో శెట్టిగారు లాంచీ మాట్లాడి బంధువుల్నీ, కొట్టుకి బాగా కావలసినవాళ్ళనీ పేరంటాలపల్లి దాకా తీసుకెళ్ళేవారు. తెల్లవారకుండా బయలుదేరి, పట్టిసీమలో వీరభద్రుణ్ణీ, తరవాత గండిపోచమ్మనీ దర్శించుకుని, పాపికొండల మధ్యనుంచి పైకి వెళ్ళి, రాత్రి అక్కడ ఆగి మర్నాడు తిరిగి రావడం. ఆ ఏడు నన్నూ రమ్మన్నారు. కొత్తచోటంటే చాలు, సెలవు పెట్టేసి ఎక్కేశాను.

ఆ ప్రయాణానికి ఒక పద్ధతి ఉండేది. దర్శనాలు రెండూ అయ్యేదాకా ఎవరూ ఏమీ తినరు. గండిపోచమ్మ గుడి దగ్గర హారతి కళ్ళకద్దుకున్నాక అందరికీ ఒక్కసారిగా ఆకలి పుట్టుకొచ్చేది. లాంచీ దేవీపట్నం దాటి, విస్తళ్ళు వేసి, పప్పు వడ్డించడం మొదలుపెట్టేసరికి కొండలు రెండు పక్కలా దగ్గరికి వచ్చేసేవి. పప్పన్నం కలుపుకుంటూ జనం తలలెత్తి కొండలు చూసేవారు. అటు చూస్తూ ఇటు చెయ్యి చాపి, "పిన్నీ, ఇంకాస్త నెయ్యి", "వదినా, పులిహోర ఇటు" అనేవారు. నేను ఒకచోట కూర్చోలేక విస్తరి పట్టుకుని ముందుకీ వెనక్కీ తిరుగుతూ తిన్నాను. వెనకాల, ఇంజను పక్కన, రత్నమ్మగారు గుండిగల ఆవిరిలో కనపడీ కనపడకుండా ఉన్నారు. ఇంజను మోతకి ఎవరేం అడిగారో వినపడక, పెదాలు చూసి వడ్డిస్తున్నారు. మర్నాడు తిరుగుదారిలో కొండలు వచ్చే వేళకి ఉప్మా, కాఫీలు. మళ్ళీ అదే ఆవిరి, అదే ఆవిడ.

మధ్యాహ్నం దాటి రాజమండ్రి వంతెన కనపడుతుండగా ఆవిడ గిన్నెలు కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుంటూ నా పక్కకి వచ్చి నిలబడ్డారు.

"పంతులమ్మా, ఆ కొండలు ఎలా ఉంటాయే?" అన్నారు.

వేళాకోళమనుకున్నాను. "మీరు ఏటా చూస్తారు కదండీ, నన్నడుగుతారేంటి?"

"ఏటా వెళ్తాను. చూసిందెప్పుడు? పెళ్ళైన ఏడు మా అత్తగారు గరిటె నా చేతికిచ్చారు. అప్పట్నించీ కొండలొచ్చాయంటే నాకు పప్పు వేళయిందని గుర్తు. ఇంటికెళ్ళాక అందరూ ఎంత బాగున్నాయో, ఎంత బాగున్నాయో అనుకుంటారు. నేనూ అవునంటాను."

నవ్వుతూనే చెప్పారు. కానీ నీళ్ళవైపు చూస్తూ రెయిలింగుని వేళ్ళతో రాస్తూ ఉండిపోయారు. ఆ వేళ్ళు ఆగలేదు. నాకు ఎందుకో భయం వేసింది. ఆవిడ మనసులో ఏదో తయారవుతోందని తెలిసింది.

లాంచీ రేవుకి చేరింది. ఒడ్డుకి దిగే బల్ల వేశారు. బంధువులు సామాన్లతో, పిల్లలతో దిగారు. శెట్టిగారు ఒడ్డున నిలబడి రిక్షావాళ్ళతో మాట్లాడుతున్నారు. గుండిగలన్నీ దిగాయి. రత్నమ్మగారు దిగలేదు. లోపలికి వెళ్ళి, ముందుభాగంలో బల్లమీద, కిటికీ పక్కన కూర్చున్నారు. కూర్చున్నారు. అది చూసే శెట్టిగారికి ఏదో తేడాగా ఉందని తెలిసి ఉండాలి.

"ఏమేవ్, దిగవా?"

"నేను మళ్ళీ వెళ్ళొస్తానండి."

"ఎక్కడికి?"

"అక్కడికే. ఇదే లాంచీ రేపు వేరేవాళ్ళతో వెళ్తోందట. సరంగుని అడిగాను, చోటుందన్నాడు."

దిగినవాళ్ళంతా ఆగిపోయారు. శెట్టిగారు ఇంట్లో ఎప్పుడూ గొంతు పెంచే మనిషి కాదు. నలుగురిలో మాట పడే మనిషీ కాదు. ముఖం ఎర్రబడింది. "నిన్నగాక మొన్న వెళ్ళిన చోటికి మళ్ళీ ఏంటే? రేపు కొట్టు, ఇల్లు ఎవరు చూస్తారు? కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్నారు."

"కూర్చోకపోతే కొండలు కనపడవండి" అన్నారు రత్నమ్మగారు. మెల్లగానే అన్నారు. "పంతులమ్మ నాకు తోడుంటుంది."

నన్ను ఒక్క మాటా అడగలేదు. నాకు ఒళ్ళు మండింది. చూసిన గోదావరే మళ్ళీ చూడాలి, రేపు స్కూలుంది, మార్చుకోవడానికి ఉతికిన చీర లేదు. "రేపటికి సెలవు లేదండీ నాకు" అని గొణిగాను.

"మీ హెడ్మిస్ట్రెస్ గారికి వారే చెప్తారులే" అంటూ ఆవిడ శెట్టిగారివైపు చూశారు. ఆయన గొడుగు చంకలో పెట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయారు.

"ఇంటికెళ్ళి పొద్దున్నే రావచ్చు కదండీ" అన్నాను కోపంగా.

"ఆ దిగే బల్ల దాటానంటే మళ్ళీ ఎక్కలేనే. గడపలో కాలు పెట్టగానే పాలవాడు, పనిమనిషి, పొయ్యి. ఈ కాస్త ధైర్యం అక్కడ ఆవిరైపోతుంది." నేను ఆవిడ పక్కన కూలబడ్డాను.

జనం దిగిపోయిన లాంచీ ఎలా ఉంటుందో మామూలు ప్రయాణికులకి తెలియదు. గోదారి నీళ్ళు బకెట్లతో పోసి చెక్కలన్నీ కడిగారు. నిన్నటి పులిహోర మెతుకుల కోసం కాకులు వాలాయి. మేమిద్దరం విడిచిన చీరలు తడిపి రెయిలింగు మీద ఆరేసుకున్నాం. లాంచీ నడిపే సరంగు మమ్మల్ని ఇంటి మనుషుల్లా చూసి తన టీలో మాకూ పోశాడు. చీకటి పడే వేళకి కొత్తవాళ్ళు ఎక్కారు. చిత్రం, వాళ్ళది మా రామచంద్రపురమే. రైతు కుటుంబాలు. మంచి చోటు మేం ముందే పట్టేశామని వాళ్ళ ఆడవాళ్ళు మూతులు ముడిచారు. అప్పటికే ఆ బల్ల మాదైనట్టు, వాళ్ళు మా ఇంటికి చుట్టాలుగా వచ్చినట్టు మాకు అనిపించింది.

తెల్లవారుజామున లాంచీ కదిలింది. రెండోసారి వెళ్ళేవాళ్ళకి అన్నీ ముందే తెలుస్తాయి. ఏ బల్ల ఇంజను వేడికి కాలుతుందో, ఏ పక్క జల్లు పడుతుందో, ఎక్కడ సరంగు ఏం చెప్తాడో. గండిపోచమ్మ రేవు దగ్గర, "నీళ్ళలో చెయ్యి పెట్టినా బయంలేదండి, కార్తీకమాసం కదా, మొసళ్ళు కూడా మాంసం మానేత్తాయి" అన్నాడు. మొన్నా సరిగ్గా అక్కడే, అదే గొంతుతో అన్నాడు. నేను ఆవలించాను. రత్నమ్మగారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఏటా అతను చెప్పే ఆ మాట ఇంజను మోతలో ఆవిడ చెవిన ఎన్నడూ పడలేదు.

దేవీపట్నం దాటాం. ముందర కొండలు నీలంగా, దగ్గరగా జరుగుతున్నాయి. ఆవిడ కొంగు భుజం చుట్టూ కప్పుకుని కిటికీకి ఆనుకున్నారు. సరిగ్గా అప్పుడు విస్తళ్ళు పడ్డాయి. ఊరు ఏదైతేనేం, ఆ ప్రయాణంలో ఆకలి వేళ ఒకటే. వాళ్ళ వంటమనిషి నీటి కుదుపుకి కళ్ళు తిరిగి, తల పట్టుకుని కూలబడింది. వడ్డించేవాళ్ళు చాలలేదు. వాళ్ళలో ఒక పెద్దాయన మా దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు.

"అమ్మా, ఏమీ అనుకోకండి. తమరి చెయ్యి మంచిదని సరంగు చెప్పాడు. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారండి. కాస్త ఓ చెయ్యి వేస్తే."

రత్నమ్మగారు లేచారు. ఆలోచించి లేవలేదు. చెయ్యి దానంతట అదే కొంగు తీసి నడుముకి బిగించింది. రెండడుగులు వెనక్కి వేశారు కూడా. మొదటి కొండ నీడ లాంచీ మీద పడింది. నా లోపల ఏదో భగ్గుమంది. ఆ పెద్దాయన మీదా కాదు, ఆవిడ మీదా కాదు. ఆ కొంగు బిగించుకున్న చేతి మీద. వెళ్ళి అడ్డంగా నిలబడ్డాను.

"కూర్చోండి పిన్నిగారూ. నేను వడ్డిస్తాను."

"నీకు చేతకాదే. నువ్వు చూడద్దూ?"

"నేను చూశాను కదండీ. మీరు కూర్చోండి."

ఆవిడ భుజాలు పట్టుకుని బల్లమీద కూర్చోబెట్టి వెనక్కి వెళ్ళాను. ఇంజను పక్కన వేడి ముఖానికి కొట్టింది. పప్పు గుండిగ మూత తీస్తే ఆవిరి. ఆ తరవాత నాకు కనిపించినవి విస్తళ్ళు, చాపిన చేతులు, కదిలే పెదాలు. ఒకరి పక్కన ఒకరు, ఇంకొకరు. ఒకాయన చేతిమీద సాంబారు ఒలకబోశాను. కొండల్లో ఉన్నామని వెలుతురు తగ్గడం వల్ల తెలిసింది, అంతే. మజ్జిగ కూడా అయ్యాక తలెత్తితే ఎదురుగా విశాలమైన ఇసకతిన్నె. కొండలు వెనకబడ్డాయి.

పరుగున ముందుకి వెళ్ళాను. ఆవిడ అలాగే కూర్చుని ఉన్నారు. రెండు చేతులూ ఒళ్ళో బిగించి పట్టుకున్నారు.

"చూశారా?"

"చూశానే. సగం చూశాను. వెనకాల ఎవరో నెయ్యి అడిగినట్టే వినపడుతోంది. కాళ్ళు లేచిపోతున్నాయి. ఎదురుగా అంత పెద్ద కొండ ఉంటే నేను పప్పు సరిపోయిందో లేదో అని లెక్కేసుకుంటున్నాను. కూర్చోవడం కూడా నేర్చుకోవాలి కాబోలు." అప్పుడు ఆవిడకి కన్నీళ్ళు వచ్చాయి. నాకూ వచ్చాయి.

తిరుగుదారిలో ఉప్మా కూడా నేనే వడ్డించాను. కొండలు దాటాక వెళ్ళి చూస్తే ఆవిడ చేతులు పట్టు విడిచి ఒళ్ళో వదులుగా ఉన్నాయి. నేను పక్కన కూర్చున్నా తెలియలేదు.

రేవులో శెట్టిగారు గొడుగు వేసుకుని నిలబడి ఉన్నారు. బల్ల దిగుతుంటే చెయ్యి అందించారు. "నేను పెట్టుకున్న కాఫీ తాగలేక చచ్చాననుకో" అన్నారు. నాలుగు మెట్లు ఎక్కాక, వెనక్కి తిరక్కుండా, "ఎలా ఉన్నాయేంటి?" అని అడిగారు. ఆవిడ ఇంటి దాకా చెప్తూనే ఉన్నారు. మర్నాడు నేను భయపడుతూ స్కూలుకి వెళ్తే హెడ్మిస్ట్రెస్ గారు నవ్వారు. శెట్టిగారు నాకు జ్వరమని చెప్పి ఉంటారనుకున్నాను. ఆయన స్వయంగా వచ్చి, "మా ఆవిడ కొండలు చూడ్డానికి వెళ్ళిందండి, మీ టీచరుగారు తోడు వెళ్ళారు" అని ఉన్నదున్నట్టు చెప్పి వెళ్ళారట.

మరుసటి ఏడు గండిపోచమ్మ దర్శనం అయ్యాక శెట్టిగారు లాంచీ మధ్యలో నిలబడి, "విస్తళ్ళు కొండలు దాటాకే" అన్నారు. ఆకలికి అందరూ సణిగారు. పిల్లలకి తలో అరటిపండు ఇచ్చి ఊరుకోబెట్టారు. రత్నమ్మగారు ముందు బల్లమీద కూర్చున్నారు. అక్కడ కూర్చోవడం ఆవిడకి ఆ ఏటికి కాస్త అలవాటైంది. ఆవిడ పోయేదాకా ఆ ఇంటివాళ్ళ ప్రయాణంలో పద్ధతి అదే.

నేను ఉద్యోగం మానలేదు. స్థిమితం వచ్చిందని చెప్పను, ఈ వయసులోనూ పావుగంట ఒకచోట కూర్చోలేను. కానీ 'బి' సెక్షనులోకి వెళ్ళినప్పుడు, ఇది నాకు రెండోసారి గాని వీళ్ళకి మొదటిసారి అని గుర్తొచ్చేది. పాఠం ఎలాగూ నోటికి వచ్చు కనక ముఖాలు చూసేదాన్ని. వెనక బెంచీలో ఎవరికి వినపడటం లేదో అప్పుడు తెలిసేది.

మొన్న పెళ్ళిలో బాజాలు జోరందుకున్నాయి. అందరూ అక్షతలు పట్టుకుని మండపం వైపు జరిగారు. నేను లేచి ఆ డీజిలు వాసన వచ్చేవైపు నడిచాను. ప్రతి పెళ్ళిలోనూ ఆ వేళకి వంటలవైపు వెళ్ళి చూసి రావడం నాకు అలవాటు. అనుకున్నట్టే ఉంది. పెళ్ళికూతురి మేనత్త, పట్టుచీర కొంగు నడుముకి బిగించి, మగపెళ్ళివారి పంక్తికి బూరెలు పళ్ళేల్లో సర్దుతోంది. నేను ఆవిడ చేతిలోంచి పళ్ళెం తీసుకున్నాను.

"అయ్యో, మీరెందుకండీ, ముహూర్తం అయిపోతోంది, మీరు చూడరా?"

"నేను చూశానమ్మా" అన్నాను. "నువ్వెళ్ళి ముందు కూర్చో."