వారానికొక్క మాత్ర

ఆస్పత్రి మందుల కౌంటరులో ఇరవై రెండేళ్లుగా కూర్చుంటున్న ఆమెకు కుర్ర డాక్టర్లు పెట్టిన పేరు అడ్డుపుల్ల. చీటీ చూపించి, మందు పుచ్చుకుని, చక్కా పోదామంటే ఆమె దగ్గర కుదరదు. “ఇది ఎప్పుడెప్పుడు వేసుకుంటారో మీ నోటితో చెప్పండి” అంటుంది. చెప్పేదాకా పొట్లం చెయ్యి దాటదు.

కంప్యూటరు చీటీలు వచ్చినప్పుడు ఆమె కన్నీళ్లేమీ పెట్టుకోలేదు. చేతిరాతలో ఏదో ఆత్మీయత ఉండేదని నిట్టూర్చేవాళ్లను చూస్తే ఆమెకు ఒళ్లు మండేది. అది ఒకటో ఏడో తేలక, ఆ కోడిగీతల ముందు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నది ఆమే కదా. “ఆత్మీయత మీరే ఉంచుకోండి, నాకు అచ్చక్షరాలు చాలు” అంది. అందరికంటే ముందు నేర్చుకుంది కూడా. తెర మూలనున్న గడియారం మాత్రం నచ్చలేదు. మనిషికి తొంభై సెకన్లు దాటితే ఎర్రబడుతుంది. ఆమె దగ్గర అది ఎర్రగా తప్ప మరో రంగులో కనబడేది కాదు.

కొత్త పద్ధతి వచ్చిన మూడు వారాలకు, ఒక పొద్దున, రిటైరైన బస్సు డ్రైవరు వచ్చాడు. కీళ్లవాతం. మూడేళ్లుగా మెథోట్రెక్సేట్ మాత్ర వాడుతున్నాడు, సోమవారం సోమవారం ఒక్కటి. అదే మాత్ర రోజూ పడితే నొప్పి తగ్గడం మాట దేవుడెరుగు, ఒంట్లో రక్తం తయారవడమే కుంటుపడి ప్రాణం మీదికొస్తుంది.

“ఎప్పుడు వేసుకుంటావు బాబాయ్?”

“ఇకనుంచి రోజూనట కదమ్మా. మంచిదేలే. వారానికోసారి వేసుకుంటే నొప్పి కూడా వారానికోసారే తగ్గుతుందని మా ఆవిడ ఒకటే సణుగుడు.”

ఆమె తెర చూసింది. రోజూ ఒకటి, ముప్పై రోజులు. డాక్టరుకు ఫోన్ కొట్టింది.

“సిస్టమ్ తీసుకుందిగా మేడమ్! తప్పయితే హెచ్చరించేది.”

“హెచ్చరించే ఉంటుంది. పొద్దుట్నుంచి ఎన్ని హెచ్చరికలకు ‘సరే’ కొట్టారు డాక్టరుగారూ?”

“నలభై దాకా కొట్టుంటాను. ఒంటికి రాసుకునే లేపనం రాసినా అరుస్తుంది మేడమ్. దేన్ని వినమంటారు?”

అందులో అబద్ధం లేదు. డాక్టరు తెర మీద ఎప్పుడెప్పుడు వేసుకోవాలన్న లిస్టు తెరిస్తే మొదటి వరసలో ‘రోజూ’ ముందే టిక్కు పెట్టుకుని కూర్చుంటుంది. ‘వారానికి’ పదకొండో వరస, అడుగున ఉంటుంది. అతను వెంటనే దిద్దాడు. కథ అక్కడితో ఆపేస్తే అందరికీ సుఖమే.

ఆమె ఆపలేదు. ఈయనకు జరిగింది ఇంకెవరికి జరిగిందో? కాగితాల కాలమైతే గుట్టలు తవ్వాలి. ఇప్పుడు అదే కంప్యూటర్లో వెతికితే రెండు నిమిషాల్లో ఆరు పేర్లు బయటపడ్డాయి, అందరూ ఆమె లేని పూట మందు పుచ్చుకున్నవాళ్లే. కౌంటరు తలుపు మూసి ఫోను పట్టింది.

“లోపల నిద్రపోతున్నారా ఏంటమ్మా?” అని వరసలోంచి ఎవరో కేకేశారు.

“నేను నిద్రపోతే మీకే నష్టం అన్నయ్యా, కూర్చోండి!”

అయిదుగురు పాత అలవాటు కొద్దీ సోమవారమే వేసుకుంటున్నారు. ఆరో మనిషి కుట్టుపని చేసుకునే ఆవిడ. చీటీలో ఎలా ఉంటే అలా చేసే మంచి మనిషి కాబట్టి నాలుగు రోజులుగా రోజూ వేసుకుంది. “నోరంతా పుళ్లమ్మా, ముద్ద దిగట్లేదు” అంది. మధ్యాహ్నానికల్లా ఆవిడను ఆస్పత్రిలో చేర్పించారు. రెండు వారాలకు నడిచి ఇంటికెళ్లింది.

సూపరింటెండెంటు ఆమెను పిలిచాడు. “అందరూ క్షేమమేగా. సిబ్బంది పొరపాటు, సరిదిద్దబడింది అని రాసి సంతకం పెట్టెయ్యమ్మా.”

“పొరపాటు లిస్టుది సార్. లిస్టు చేతే పెట్టించండి.”

“నిన్ను గోడౌనుకు మార్చగలను, తెలుసా?”

“తెలుసండి. అంతవరకూ డాక్టరు గొంతు ఫోన్లో వినకుండా ఈ మాత్ర ఒక్కటి కూడా నా చెయ్యి దాటదు.”

ఇంట్లో భర్త తల పట్టుకున్నాడు. “లోకం గోడు నీ ఒక్కదానికే పట్టిందా?”

“మాత్ర నా చేతిలోంచే కదండీ వెళ్లేది.”

తొమ్మిది రోజులు ఫోన్లు మోగాయి. ఆపరేషను మధ్యలో ఒకరికి, భోజనం మధ్యలో ఇంకొకరికి. టోకెన్లు పేరుకుపోయాయి. చివరికి డాక్టర్లే సూపరింటెండెంటు మీద పడ్డారు: ఆవిడనైనా మార్చండి, లిస్టునైనా మార్చండి. లిస్టుకు నోరు లేదు కాబట్టి దాన్ని మార్చడమే తేలికనిపించింది. పదో రోజున ఆ మాత్రకు ‘వారానికి’ మొదటి వరసకొచ్చింది. ‘రోజూ’ కావాలంటే ఎందుకో టైపు చెయ్యాలి.

సూపరింటెండెంటు స్వయంగా కౌంటరు దాకా వచ్చాడు. “ఇప్పటికైనా తృప్తేనా?”

ఆమె పక్కనున్న స్టూలు ఆయన వైపు జరిపింది. “కూర్చోండి సార్, ఇన్సులిన్ లిస్టు చూపిస్తాను.”