వాకిలి లేని జాలీ

వీరప్ప నిచ్చెన మీద నిలబడి, పట్టకారుతో తీగ మెలితిప్పి, చిరిగిన ఇనుప జాలీకి కొత్త ముక్కను బిగిస్తున్నాడు. మడకశిర చుట్టుపక్కల గొర్రెల దొడ్లకు కంచెలు అల్లి బతికే మనిషి. ఈసారి గాలి చింపింది రేడియో టెలిస్కోపు గిన్నెకు పరిచిన జాలీని. సెకనుకు వందలసార్లు తిరిగే పల్సర్ అనే నక్షత్రం నుంచి వచ్చే సన్నని అలలను ఆ జాలీ పట్టాలి. సందుంటే జారిపోతాయి. పరిశోధకురాలు హేమావతికి టెలిస్కోపు వాడుకునే వంతు ఆ సాయంత్రమే. తప్పితే మళ్లీ వచ్చే ఏడే.

ఆమె కిందినుంచి చూసింది. "ఏమన్నా, ఈడ ఇంత సందు ఎందుకిడిచినావు?"

వీరప్ప నాలుక కరుచుకున్నాడు. "దొడ్డికి వాకిలి ఇడిచేది అలవాటమ్మా."

"నక్షత్రానికి వాకిలి వద్దన్నా, మూసెయ్!"

"అయితే గొర్రెకన్నా కంత్రీదే నీ నక్షత్రం!"

సందు మూసి, అంచంతా వేలితో తడిమాడు. ఎక్కడా వేలు దూరలేదు. నిచ్చెన దిగి, పట్టకారు సంచిలో వేసుకున్నాడు.

"చూసుకోమ్మా, ఇంక యాడికీ పోదు."