మా క్లాస్ గ్రూపులో నేను పెట్టిన మెసేజ్

సంతోష్‌నగర్ బడిలో మా ఏడో తరగతికి ఆ వారం ఒకటే హోంవర్క్ ఇచ్చాను. ఇంట్లో ఫోనుకొచ్చిన ఒక వార్తను పట్టుకోవాలి. ఎవరు పంపారు, వాళ్లకెవరు పంపారు, అసలు కళ్లారా చూసిందెవరు అని అడుగుతూ వెనక్కి పోవాలి. ఈ పాఠం నాకు నేనే తయారు చేసుకున్నది. మహా గర్వంగా ఉండేది.

మూడో పీరియడ్‌లో గేటు దగ్గర లొల్లి. కిటికీలోంచి చూస్తే, దుప్పట్లమ్మే మనిషిని నలుగురు గోడకు అదిమి పట్టి కొడుతున్నారు. "పిల్లలను ఎత్కపోయేటోడు వీడే!" అని అరుపులు.

"చూసిన్రా? ఎవరో తలకాయ లేనోళ్లు పుకారు పుట్టిస్తే గిట్లనే అయితది!" అని పిల్లల మీద అరిచాను.

ముందు బెంచీ అమ్మాయి నోట్‌బుక్ పట్టుకుని లేచింది. "టీచర్, నా హోంవర్క్ గదే. మా అమ్మ క్లాస్ గ్రూపుల లేదు. దుప్పట్లోళ్లు పిల్లలను ఎత్కపోతున్నరని ఆమెకు పిన్ని పంపింది. పిన్నికి పక్కింటి ఆంటీ. ఆంటీ బిడ్డ మన క్లాసే, క్లాస్ గ్రూపుల వచ్చిందంట."

"గ్రూపుల ఎవరు పెట్టిన్రు?"

"మీరే, టీచర్."

నిజమే. నిన్న సాయంత్రం మా వదిన పంపితే, పొయ్యి మీద అన్నం చూసుకుంటూ సగమే చదివి క్లాస్ గ్రూపులోకి తోసేశాను. పైగా "తల్లులందరూ జాగ్రత్త" అని కింద రాశాను కూడా. ఛీ, నా బుద్ధికేం తెగులు!

మెట్లు ఎలా దిగానో తెలియదు. వాళ్ల మధ్యలోకి దూరాను. "వదలున్రి! ఈయన ఏమన్న చేసుడు ఎవరన్న చూసిన్రా?"

చొక్కా పట్టుకున్నతను నావైపు తిరిగాడు. మా క్లాసు పిల్లవాడి తండ్రే. "నువ్వే గద టీచరమ్మా పంపినవ్. నువ్వు తెలుసుకోకుండ పంపవని నమ్మినం."

సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. "నేను ఏం తెల్సుకోలే. తప్పు నాది. ఆయనను వదలున్రి."

ఒక్కొక్కరే చేతులు తీశారు. ఆయన పెదవి చిట్లి రక్తం కారుతోంది. మట్టిలో పడ్డ దుప్పట్లు ఏరుతుంటే నేనూ వంగి ఏరాను.

"మాఫ్ చెయ్యి అన్నా" అన్నాను.

ఆయన మూట బిగించి భుజాన వేసుకున్నాడు.

"గీడ నువ్వున్నవమ్మా, చెప్పినవ్. రేపు మొఘల్‌పురా పోవాలె. గాడ ఎవరు చెప్తరు?"